విత్తనమూ కాదు, పొలమూ కాదు: బీజకణాల పాఠం



హైస్కూలు జీవశాస్త్రం పుస్తకంలో ప్రత్యుత్పత్తి అనే పాఠం ఒకటుంటుంది. ఆ పాఠం దగ్గరికి వచ్చేసరికి చాలా బళ్లలో ఒకటే తంతు. మాస్టారు గొంతు సవరించుకుంటారు. వెనక బెంచీల్లో గుసగుసలు మొదలవుతాయి. పువ్వు బొమ్మ వరకు పాఠం చక్కగా నడుస్తుంది. ఆ తరువాతి పేజీలు మాత్రం "ఇంటి దగ్గర చదువుకోండి, పరీక్షకు బొమ్మ ముఖ్యం" అన్న మాటతో తిరిగిపోతాయి. పిల్లలు బొమ్మ వేస్తారు, భాగాలకు పేర్లు రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. శుక్రకణం, అండం అన్న మాటలు వస్తాయి కానీ అవి ఏమిటో, వాటిలో ఉన్న విశేషమేమిటో మనసుకు పట్టదు.

ఈ రోజు ఆ తిరిగిపోయిన పేజీల గురించి మాట్లాడుకుందాం. ఆ పాఠం తెలియకపోతే పోయేది నాలుగు మార్కులే అయితే ఇంత ప్రసంగం అక్కర్లేదు. వరుసగా ఆడపిల్లలు పుట్టారని కోడలిని దెప్పే ఇళ్లు మన చుట్టూ ఇంకా ఉన్నాయి. పిల్లలు కలగలేదని ఆమెనే ఆస్పత్రుల చుట్టూ, గుళ్ల చుట్టూ తిప్పి, ఆయనను ఒక్క పరీక్షకైనా పంపని ఇళ్లూ ఉన్నాయి. ఆ మాటలనేవారిలో పదో తరగతి పాసైనవారూ ఉంటారు. అంటే బొమ్మ వేశారు, పాఠం అందలేదు.

మన సరిహద్దు జిల్లాల పిల్లలకు దీనికి తోడు మరో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష. బళ్లారి, కోలారు పిల్లలు కన్నడంలో వీర్యాణు, అండాణు అని చదువుతారు. హోసూరు, తిరుత్తణి పిల్లలు తమిళంలో విందు సెల్, అండ సెల్ అంటారు. బరంపురం, పర్లాకిమిడి పిల్లలకు ఒడియాలో శుక్రాణు, డింబాణు. సిరొంచ, నాందేడ్ వైపు మరాఠీలో శుక్రాణు, అండాణు. తెలుగు పుస్తకం పట్టినవారికి శుక్రకణం, అండం. ఆపైన ఇంగ్లీషు మీడియం అయితే స్పెర్మ్, ఓవమ్, ఆ రెండింటినీ కలిపి గామీట్లు. మాటలు మారినా వస్తువు మారలేదు. ఈ రెండింటినీ కలిపి తెలుగులో బీజకణాలు అంటాం. మీ పిల్లల నోటుపుస్తకంలో ఒక పేజీని మూడు గడులు చేసి బడి భాష మాట, తెలుగు మాట, ఇంగ్లీషు మాట పక్కపక్కన రాయించండి. ఇంట్లో అమ్మతో మాట్లాడే భాషలో అర్థమైనది బడి భాషలో రాయడం కష్టం కాదు.

ఇక అసలు విషయం. బీజకణమంటే ఏమిటి? ఒక్క మాటలో చెప్పాలంటే, అది సగం.

మన శరీరంలో కోట్లాది కణాలున్నాయి. చర్మం, కండ, కాలేయం, ఏ కణం తీసుకున్నా దాదాపు అన్నింటిలోనూ క్రోమోజోములనే సన్నని పోగులు 46 ఉంటాయి. విడివిడిగా 46 కాదు, 23 జతలు. ప్రతి జతలోనూ ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఈ 46 అన్న లెక్క కూడా 1956లోనే తేలింది. స్వీడన్‌లో పనిచేస్తున్న జో హిన్ టియో, ఆల్బర్ట్ లెవాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సరిగా లెక్కపెట్టేవరకు సుమారు 30 ఏళ్లపాటు పుస్తకాలు 48 అనే చెప్పాయి. పుస్తకంలో ఉన్నది కూడా ఎవరో ఒకరు చూసి, లెక్కపెట్టి రాసిందేనని పిల్లలకు చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

బీజకణంలో మాత్రం 46 ఉండవు, 23 మాత్రమే ఉంటాయి. ఎందుకు? ఇటు 46, అటు 46 కలిస్తే బిడ్డకు 92 అవుతాయి. మనవడికి 184. అలా ప్రతి తరానికీ రెట్టింపైతే బతుకే సాగదు. అందుకని బీజకణం తయారయ్యేటప్పుడు ప్రతి జతలోంచి ఒక్కటే తీసుకుంటుంది. దీనినే క్షయకరణ విభజన అంటారు. పేరు నోరు తిరగదు కానీ పని తేలికే. జతలు విడదీసి, ఒక్కొక్కటి పంచడం.

దీన్ని ఇంట్లోనే చేసి చూపవచ్చు. నాలుగు రంగుల దారాలు తీసుకోండి. ప్రతి రంగులోనూ రెండు ముక్కలు. ఒకదానికి ముడి వేయండి, అది నాన్నది. ముడి లేనిది అమ్మది. ఇప్పుడు పిల్లవాడిని కళ్లు మూసుకుని ఒక్కో రంగులో ఒక్కో ముక్క తీయమనండి. చేతిలో నాలుగు ముక్కలుంటాయి. వాటిలో ఎన్ని ముడులున్నవో, ఎన్ని లేనివో ముందుగా ఎవరూ చెప్పలేరు. నాలుగు జతలకే 16 రకాల కలయికలు వస్తాయి. 23 జతలకు ఎన్ని వస్తాయో తెలుసా? 83,88,608. ఇంచుమించు 84 లక్షలు! మన పెద్దలు చెప్పే 84 లక్షల జీవరాసుల లెక్కకూ దీనికీ సంబంధమేమీ లేదు, కాకతాళీయమే. కానీ ఒక్కసారి విన్న పిల్లవాడు ఆ సంఖ్య మరిచిపోడు. ఆపైన జతలోని రెండు పోగులూ విడిపోయే ముందు కొన్ని ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అందుకే ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన అన్నదమ్ములు ఒకరిలా ఒకరుండరు.

ఇంతవరకు వచ్చాక మనం ఒక పాత మాటను సరిచేసుకోవాలి. తండ్రి విత్తనం, తల్లి పొలం అనే పోలిక మన దేశంలో చాలా పాతది. బీజం, క్షేత్రం అంటూ ధర్మశాస్త్రాలు చర్చలు చేశాయి. గ్రీసు దేశంలో అరిస్టాటిల్ కూడా రూపమిచ్చేది తండ్రి, పదార్థమిచ్చేది తల్లి అన్న పద్ధతిలోనే ఆలోచించాడు. ఈ పోలిక ఎక్కడ తప్పిందో తెలుసుకోవడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. ఒక వేరుశనగ గింజను రాత్రి నీళ్లలో నానబెట్టండి. పొద్దున పొట్టు తీసి, మెల్లగా రెండు పప్పులుగా విడదీయండి. ఒక కొసన బుల్లి మొక్క కనిపిస్తుంది. దానికి వేరుంది, చిన్న ఆకులున్నాయి. అంటే విత్తనంలో అప్పటికే బిడ్డ ఉంది. పువ్వులో మగ బీజకణం, ఆడ బీజకణం కలిసిన తరువాత తయారైందే విత్తనం. కాబట్టి మగవాడి కణాన్ని విత్తనమంటే లెక్క తప్పుతుంది. అది విత్తనంలో సగం. మిగతా సగం అండం. తల్లి విత్తనంలో సగమూ ఇచ్చి, ఆపైన దాన్ని మోసి పెంచుతుంది.

మరి ఇంత స్పష్టమైన సంగతి ఇన్నాళ్లు ఎందుకు తెలియలేదు? దానికీ కారణముంది. 1677లో హాలెండ్ దేశస్థుడు లీవెన్‌హుక్ తాను స్వయంగా తయారు చేసుకున్న సూక్ష్మదర్శినిలో శుక్రకణాలను చూశాడు. అవి లెక్కలేనన్ని, పైగా తోకలాడిస్తూ ఈదుతాయి. కాబట్టి కంటపడ్డాయి. అండం అలా కాదు. శరీరం లోపల దాగి, సాధారణంగా నెలకొక్కటే వెలికి వస్తుంది. క్షీరద జంతువు అండాన్ని మొదటిసారి కళ్లారా గుర్తించింది 1827లో, కార్ల్ ఎర్నెస్ట్ ఫన్ బేర్ అనే శాస్త్రజ్ఞుడు, ఒక కుక్కలో. మధ్యలో 150 సంవత్సరాలు గడిచాయి. ఆ కాలంలో కొందరు శుక్రకణంలోనే మనిషి మొత్తం ముడుచుకుని కూర్చుని ఉంటాడనుకున్నారు. 1694లో హార్ట్‌సూకర్ అనే ఆయన శుక్రకణం తలలో మోకాళ్లు ముడుచుకున్న బుల్లి మనిషి ఎలా ఉండవచ్చో బొమ్మ గీసి అచ్చు వేయించాడు. చివరకు 1876లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్ అనే జీవిలో రెండు కణాల కేంద్రకాలూ కలవడాన్ని వర్ణించాడు. చెరి సగం అన్న మాట అప్పటి నుంచి గట్టిపడింది.

అయినా పాఠం చెప్పే తీరులో పాత వాసన పూర్తిగా పోలేదు. శుక్రకణం పందెంలో పరుగెత్తుతుంది, అండాన్ని ఛేదిస్తుంది, గెలుస్తుంది. అండం మాత్రం కదలకుండా ఎదురుచూస్తుంది అని చెబుతుంటారు. ఎమిలీ మార్టిన్ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞురాలు 1991లో రాసిన వ్యాసంలో అక్కడి జీవశాస్త్ర పుస్తకాల్లోని ఇలాంటి మాటలనే ఎత్తి చూపింది. ఇక్కడ జరిగేది వీరుడి కథ కాదు. కోట్ల శుక్రకణాలు బయలుదేరినా అండం దాకా చేరేవి కొన్ని వందలే. అవి చేరడానికి స్త్రీ శరీరంలోని కండరాల కదలిక కూడా సాయపడుతుంది. అండం చుట్టూ ఉన్న పొర శుక్రకణాన్ని పట్టి నిలుపుతుంది. ఒకటి లోపలికి రాగానే అండం తన పొరను మార్చుకుని తక్కినవాటికి తలుపు మూస్తుంది. అండం తన క్షయకరణ విభజనను ముగించేది కూడా శుక్రకణం ప్రవేశించిన తరువాతే. తొలి రోజుల్లో పిండానికి కావలసిన సరంజామా దాదాపు అంతా అండం కూడబెట్టుకున్నదే. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు మనకు తల్లి నుంచే వస్తాయి. అంటే క్రోమోజోముల్లో చెరి సగం, సంసార సామగ్రి మాత్రం పుట్టింటి నుంచే అన్నమాట.

ఇంకొక సంగతి వినండి. మగవారిలో శుక్రకణాలు యుక్తవయసు నుంచి రోజూ తయారవుతూనే ఉంటాయి. ఒక్కొక్కటి తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అండాల సంగతి వేరు. ఆడశిశువు తల్లి గర్భంలో ఉన్నప్పుడే ఆమె అండకణాలు ఏర్పడి, విభజన మొదలుపెట్టి, మధ్యలో ఆగి ఉంటాయి. పుట్టేటప్పటికి 10 నుంచి 20 లక్షలు, యుక్తవయసుకు 3, 4 లక్షలు మిగులుతాయి. జీవితమంతటిలో పక్వమై వెలికి వచ్చేవి 400 పైచిలుకు. దీనర్థమేమిటో ఆలోచించండి. మీరు ఏ అండం నుంచి పుట్టారో ఆ అండకణం మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే ఏర్పడింది. గర్భిణికి మంచి తిండి పెట్టమని డాక్టర్లు చెప్పేటప్పుడు, కడుపులో ఆడపిల్ల ఉంటే అక్కడ మూడు తరాలున్నాయని గుర్తుంచుకోవాలి.

ఇదంతా పల్లెలో ఎలా చూపిస్తామని మాస్టార్లు అడగవచ్చు. పల్లెలోనే బాగా చూపవచ్చు. గుమ్మడి పాదు దగ్గరికి పొద్దున్నే పిల్లలను తీసుకెళ్లండి. కొన్ని పువ్వుల వెనక చిన్న పిందె ఉంటుంది, అవి ఆడపువ్వులు. పిందె లేనివి మగపువ్వులు. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వు నడుమ ఉన్న కీలాగ్రానికి తాకించి, ఒక దారం కట్టి గుర్తు పెట్టండి. పిందె కాయగా ఎదిగేదీ, పుప్పొడి అందనిది పండుబారి రాలిపోయేదీ వాళ్లే చూస్తారు. పుప్పొడి రేణువే బీజకణం కాదని ఇక్కడే చెప్పాలి. పుప్పొడి బండి లాంటిది, మగ బీజకణాలు అందులో వచ్చే ప్రయాణికులు.

మొక్కజొన్న ఇంకా మంచి పాఠం. పొత్తు మీది పీచులో ఒక్కో పోగూ లోపల ఒక్కో గింజ స్థానానికి కలిసి ఉంటుంది. పైనున్న పూత నుంచి పుప్పొడి రాలి ఆ పోగు మీద పడాలి. అక్కడి నుంచి సన్నని గొట్టం పోగు వెంట కిందికి దిగి మగ బీజకణాలను అండం దాకా చేర్చాలి. ఏ పోగుకు పుప్పొడి అందలేదో అక్కడ గింజ ఉండదు. పళ్లూడినట్టున్న పొత్తును పారేయకుండా బడికి తీసుకెళ్లండి. సగం ఒక్కటే ఉంటే ఏమవుతుందో ఆ ఖాళీ చెబుతుంది.

వంటింట్లో కోడిగుడ్డు ఉంది. అందులో పచ్చసొన మొత్తం ఒక్క అండకణమే. దాని మీద చిన్న తెల్లచుక్క కనిపిస్తుంది, జీవం మొదలయ్యే చోటు అది. ఫారాల్లో గుడ్ల కోళ్లను పుంజులు లేకుండా పెంచుతారు కనుక ఆ గుడ్లను ఎన్నాళ్లు పొదిగేసినా పిల్లలు రావు. అందులో సగమే ఉంది. పుంజుతో కలిసి తిరిగే నాటుకోడి గుడ్డులో రెండో సగం చేరుతుంది, అందుకే పిల్ల వస్తుంది. మన ఆడవాళ్లకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. పుస్తకం దానికి పేరు పెట్టిందంతే.

ఇక ఆడపిల్లా, మగపిల్లవాడా అన్న ప్రశ్న. 23 జతల్లో ఒక జత దీన్ని నిర్ణయిస్తుంది. స్త్రీలో ఆ జత ఎక్స్, ఎక్స్. పురుషుడిలో ఎక్స్, వై. 1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రజ్ఞురాలు ఒక పిండిపురుగు కణాలను పరిశీలించి లింగనిర్ణయానికీ ఈ చిన్న క్రోమోజోముకూ ఉన్న సంబంధం పట్టుకుంది. పిల్లలకు దీన్ని బొమ్మా బొరుసుతో చెప్పండి. అమ్మ నాణేనికి రెండు వైపులా బొమ్మే, అంటే ఎక్స్. ఆమె ఎలా వేసినా ఎక్స్ పడుతుంది. నాన్న నాణేనికి ఒకవైపు బొమ్మ, ఒకవైపు బొరుసు. బొమ్మ పడితే ఆడపిల్ల, బొరుసు పడితే మగపిల్లవాడు. నిజానికి ప్రకృతిలో మగపిల్లలు ఒక పిసరు ఎక్కువగా పుడతారు. 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు. అయినా లెక్కకు నాణెం సరిపోతుంది.

ఇప్పుడు తరగతిలో ప్రతి పిల్లవాడినీ నాలుగుసార్లు నాణెం ఎగరేసి రాసుకోమనండి. సగటున 16 మందిలో ఒకరికి నాలుగుసార్లూ బొమ్మే పడుతుంది. ఆ పిల్లవాడు చేసిన తప్పేముంది? ఐదోసారి వేస్తే ముందు ఏం పడిందో నాణేనికి గుర్తుండదు, మళ్లీ సగం సగమే. నలుగురు ఆడపిల్లలున్న ఇంటిలో జరిగింది కూడా ఇంతే. కోడలిని అనవలసిన పని లేదు. అలాగని నింద తెచ్చి కొడుకు మీద వేయడం కూడా సరికాదు. ఏ శుక్రకణం చేరాలో ఆయన ఎంచుకోలేదు. నింద అనే మాటకే అక్కడ చోటు లేదు.

నాణేన్ని తమకు కావలసినట్టు పడేయాలని చూసినవారి వల్ల మన దేశంలో ఏమైందో జనాభా లెక్కలు చెబుతాయి. ఆరేళ్ల లోపు పిల్లల్లో 1000 మంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలుండగా, 2001లో 927 మందే ఉన్నారు. 2011లో ఆ సంఖ్య 920 లోపుకు దిగింది. గర్భస్థ శిశువు లింగం చెప్పడాన్నీ, చెప్పించుకోవడాన్నీ నేరం చేస్తూ 1994లో చట్టం వచ్చింది. 2003లో దాన్ని మరింత గట్టి చేశారు. ఏ రాష్ట్రం సరిహద్దు దాటి వెళ్లినా ఆ చట్టం వెంటే ఉంటుంది.

పిల్లలు కలగని దంపతుల విషయంలోనూ ఈ సగం లెక్కే. రెండు సగాలూ కావాలి కనుక లోపం ఇటైనా ఉండవచ్చు, అటైనా ఉండవచ్చు, రెండు వైపులా ఉండవచ్చు. మగవారికి చేసే వీర్య పరీక్ష నొప్పి లేనిది, తేలికైనది. ఆడవారికి చేసే పరీక్షల్లో చాలావాటికి అంతకంటే ఎక్కువ శ్రమ, ఖర్చు. అలాంటప్పుడు ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లడం న్యాయం. జ్వరం వచ్చి తగ్గిన కొత్తలో పరీక్ష ఫలితం తగ్గి కనిపించవచ్చు. శుక్రకణం తయారీకి రెండున్నర నెలలు పడుతుందన్నాం కదా, అందుకే కొంత వ్యవధి ఇచ్చి రెండోసారి పరీక్ష చేయిస్తారు. ఇవేవీ తెలుసుకోకముందే రెండో పెళ్లి మాట ఎత్తే పెద్దలకు ఈ పాఠం ఎవరైనా చదివి వినిపించాలి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ పాఠాన్ని ఆడపిల్లలకు వేరుగా, మగపిల్లలకు వేరుగా చెప్పవలసిన పరిస్థితి ఉంటే అలాగే చెప్పండి, కానీ ఇద్దరికీ మొత్తం పాఠం చెప్పండి. గుమ్మడి పువ్వుతో మొదలుపెట్టి, కోడిగుడ్డు మీదుగా మనిషి దగ్గరికి వస్తే గుసగుసలు వాటంతటవే తగ్గుతాయి. పిల్లలు నవ్వితే కోప్పడకండి. మీరు తడబడకుండా చెబితే వాళ్లు రెండో నిమిషంలో వింటారు. పరీక్షలో బొమ్మతోపాటు ఒక ప్రశ్న అడగండి: బీజకణంలో 23 క్రోమోజోములే ఎందుకున్నాయి? ఆ ఒక్కదానికి సొంత మాటల్లో జవాబు రాసిన పిల్లవాడికి పాఠం వచ్చినట్టే.

తల్లిదండ్రులకు మరో మాట. పిల్లలు వచ్చి అడిగితే ఇలాంటివి అడగకూడదని నోరు మూయించకండి. తెలిసినంత చెప్పండి. తెలియనిది వాళ్ల పుస్తకంలోనే ఉంది, ఇద్దరూ కలిసి చదవండి. పుస్తకం కన్నడంలో ఉంటే పిల్ల చదివి మీకు తెలుగులో చెబుతుంది. అలా చెప్పడంలో ఆమెకూ పాఠం వస్తుంది. ఈ వానకాలంలో మీ ఇంటి పెరట్లో గుమ్మడి పాదు వేస్తే, మొదటి పిందె కనిపించిన రోజున ఆ పిల్లను పిలిచి చూపించండి.